అస్థికల కంటే ముందు ఆ కుండలో ఏముండేది?

కొన్నేళ్ళ క్రితం మా బావమరిది హైదరాబాదు నుంచి ఇంగ్లండ్ వచ్చినప్పుడు అతణ్ణి ఒక ఊళ్ళోని మ్యూజియానికి తీసుకెళ్ళాను. రోమన్ల కాలం నాటి వస్తువులున్న గదిలో, అద్దాల బీరువాలో, బూడిద రంగు కుండ ఒకటి ఉంది. దాని భుజం మీద మనిషి ముఖం ఉంది. శిల్పి చెక్కినంత వివరంగా ఏమీ లేదు: కనుబొమలు రెండూ కలిసి ముక్కులోకి దిగాయి, కాఫీ గింజల్లా మధ్యకు చీలిన కళ్ళు, చిన్న నోరు, అంతే. అది అస్థికల కుండ అనీ, లోపల కాలిన ఎముకలు దొరికాయనీ పక్కనున్న చీటీలో రాసి ఉంది. "పోయినవాడి ముఖమా బావా?" అని అతను అడిగాడు. ఏమాత్రం తడుముకోకుండా అవునన్నాను. అతను ఇంకాసేపు చూసి, "నాకైతే మన దిష్టికుండలా కనిపిస్తోంది" అన్నాడు.

ఆ రోజు నేను చెప్పింది తప్పు. తరువాత ఈ కుండల గురించి చదివిన కొద్దీ, సరదాకి అతనన్న మాటే అసలు విషయానికి దగ్గరగా ఉందని తెలిసివచ్చింది. రోమన్ సామ్రాజ్యపు పశ్చిమ ప్రావిన్సుల సమాధుల్లో దొరికే ఇలాంటి విలక్షణమైన కుండలను, ముఖాలున్నవాటినైనా, పోరాటాల బొమ్మలున్నవాటినైనా, చావు కోసమే చేసిన పాత్రలుగా చూడటం మనకు అలవాటైపోయింది. ఆ అలవాటు తప్పని నేననుకుంటున్నాను. వాటిలో ఎక్కువ భాగం మొదట బతికున్నవాళ్ళ వస్తువులు. ఎవరి ఇంట్లోనో, సైనిక శిబిరంలోనో కొంతకాలం ఉండి, ఆ తరువాతే నేలలోకి వెళ్ళాయి. ఆ ముందు జీవితాన్ని పక్కన పెట్టేస్తే, వాళ్ళు పోయినవాళ్ళకు ఫలానా కుండనే ఎందుకిచ్చారన్న ప్రశ్న వేసుకోవడానికి కూడా వీలుండదు.

మాటలతోనే మొదలుపెడతాను, ఎందుకంటే పొరపాటు మొదట మాటల్లోనే జరిగింది. ఇంగ్లీషులో అస్థికల పాత్రకు వాడే 'అర్న్' లాటిన్‌లోని 'ఉర్నా' నుంచి వచ్చింది. రోమన్లకు ఉర్నా అంటే మొదటగా నీళ్ళు తోడి తెచ్చుకునే కడవ. సుమారు 13 లీటర్ల కొలతకు కూడా అదే పేరు. చీట్లు వేసి తీసే పాత్ర కూడా ఉర్నాయే. ఇక అస్థికల పాత్రకు వాళ్ళు శాసనాల్లో మామూలుగా రాసుకున్న మాట 'ఓల్లా'. రోము నగరంలో గోడల నిండా పావురాల గూళ్ళ వంటి గూళ్ళున్న ఉమ్మడి సమాధి మందిరాల్లో, ఫలానావారికి ఇన్ని ఓల్లాలు అని లెక్కగా రాసి కనిపిస్తుంది. ఓల్లా అంటే వంటకుండ. స్పానిష్ భాషలో ఈనాటికీ పొయ్యి మీద పెట్టే కుండకు అదే పేరు. అంటే చనిపోయినవారి ఎముకలు ఉంచే పాత్రకు రోమన్లు వంటింటి పేరునే వాడుకున్నారు. వేరే మాట కావాలని వాళ్ళకనిపించని చోట మనం ఒక ప్రత్యేకమైన మాట పెట్టి, ఆ మాటకు తగిన ప్రత్యేకమైన వస్తువు కోసం వెతుకుతున్నాం.

ముఖం కుండలను ఎలా చేసేవారో చూస్తే కూడా ఇదే అర్థమవుతుంది. కుమ్మరి ముందుగా సారె మీద మామూలు కుండే తీసేవాడు. అది కొంచెం ఆరి, చేత్తో పట్టుకుంటే వంగకుండా, అయితే ఇంకా పచ్చిగానే ఉన్నప్పుడు, మట్టిని సన్నని తీగలుగా నులిమి కనుబొమలుగా అతికేవాడు, చిటికెడు ముద్దను ముక్కుగా నొక్కేవాడు, రెండు చిన్న ఉండలను అంటించి మధ్యలో గాటు పెట్టి కళ్ళు చేసేవాడు. కొన్నింటికి చెవులు, కొన్నింటికి గడ్డం ఉంటాయి. చేయి తిరిగినవాడికి ఇదంతా ఎంతోసేపు పట్టే పని కాదు. ఒక ఊరి ఆవంలో కాలిన ముఖాలన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి, పక్క ఊరివి ఇంకో పోలికలో ఉంటాయి. పోయిన మనిషి పోలిక పట్టాలన్న ప్రయత్నం ఎక్కడా లేదు. ఒక వ్యక్తి ముఖాన్ని అచ్చంగా దింపడం రోమన్లకు బాగా వచ్చిన విద్య; కావాలనుకుంటే రాతిలో, కంచులో, మైనంలో దింపేవారు. ఈ కుండల మీద మాత్రం ఆ పని చేయలేదు.

ఇవి ఎక్కడ దొరుకుతున్నాయన్నది ఇంకా ముఖ్యం. ఈ కుండల మీద ఇటలీ నుంచి బ్రిటన్ దాకా విస్తృతంగా పరిశోధించినవారు గిలియన్ బ్రెయిత్‌వెయిట్. ఆమె పరిశోధన 2007లో పుస్తకంగా వచ్చింది. దాని ప్రకారం ఈ ఆచారం ఇటలీలో మొదలై, రోమన్ సైన్యంతో పాటు రైన్ నది సరిహద్దుకు చేరింది, అక్కడి నుంచి సామాన్య శకం 43లో బ్రిటన్ మీద దండెత్తిన దళాలతో సముద్రం దాటింది. నైమేగన్, క్సాంటెన్, కొలోన్, మైంజ్, స్విట్జర్లాండ్‌లోని విండోనిస్సా, ఇవన్నీ సైనిక శిబిరాలో, శిబిరాల చుట్టూ పెరిగిన ఊళ్ళో. ముఖం కుండల చిరునామాలూ ఇవే. అయితే ఈ చోట్ల దొరికిన పెంకుల్లో ఎక్కువ భాగం శ్మశానాల్లోంచి వచ్చినవి కావు. అవి నివాసాల్లో, చెత్త గుంటల్లో, ఆవాల పక్కన దొరికాయి. సమాధిలో పెట్టిన కుండ నేలలో భద్రంగా ఉంటుంది కాబట్టి చెక్కు చెదరకుండా మ్యూజియానికి వస్తుంది. ఇంట్లో వాడిన కుండ పగిలి, పెంకులై, సంచుల్లో కట్టలుగా గోదాముకు వెళుతుంది. చూడటానికి వచ్చినవాళ్ళకు కనిపించేది మొదటిది మాత్రమే. నా లాంటివాళ్ళు పొరపడటానికి సగం కారణం ఇదే.

మిగతా సగం కారణం, వీటికి పోలిక ఉన్న ఇతర కుండలు. ఇటలీలోని కియూసీ పట్టణం చుట్టుపక్కల, సామాన్య శకానికి ముందు 7వ శతాబ్దంలో, అక్కడి ప్రాచీన జాతివారైన ఎట్రుస్కన్లు మనిషి తల ఆకారంలో మూతలున్న అస్థికల పాత్రలు చేశారు. వాటికి చేతులు కూడా ఉంటాయి. కొన్నింటిని పెద్దమనిషిని కూర్చోబెట్టినట్లు కుర్చీల మీద పెట్టారు. ఉత్తర పోలండ్‌లో, ఇనుప యుగంలోనే, చెవులకు కంచు పోగులు తొడిగిన, టోపీ వంటి మూత పెట్టిన ముఖపు కుండలను రాతి పలకల గూళ్ళలో వరుసగా అమర్చారు. ఈ రెండూ నిస్సందేహంగా చావు కోసం చేసినవే, ఆ పాత్రే పోయిన మనిషికి మారు శరీరం. వీటిని చూసిన కళ్ళతో కొలోన్ కుండనో, ఇంగ్లండ్ కుండనో చూస్తే అదే భావం అప్రయత్నంగా దాని మీదికి వచ్చి వాలుతుంది. ముఖం ఉంది, ఎముకలు ఉన్నాయి, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ ఎట్రుస్కన్ పాత్రను వంటింటి చెత్తలో ఎవరూ ఏరలేదు.

మరి శిబిరంలో, ఇంట్లో ముఖం కుండకు ఏం పని? కొన్ని కుండల మీద ముఖంతో పాటు పురుషాంగం ఆకారం కూడా అతికి ఉంటుంది. తెలుగు పాఠకులకు ఇది విడ్డూరంగా తోచవచ్చు గానీ, రోమన్ల లెక్కలో అది దృష్టిదోషానికి విరుగుడు. వీధి మూలల్లో చెక్కేవారు, గంటలకు తగిలించేవారు, పసిపిల్లల మెడలో తాయెత్తుగా కట్టేవారు. ఆ ఆకారం ఉన్న చోట చెడు చూపు నిలవదని నమ్మకం. దాని పక్కనే ఉన్న, కళ్ళు తెరిచి ఎదురు చూస్తున్న ముఖం కూడా అలాంటి కాపలా పనే చేసి ఉంటుందనడం తేలిగ్గా ఒప్పుకోదగిన ఊహ. కట్టుబడిలో ఉన్న ఇంటి మీద నల్లకుండకు సున్నంతో కళ్ళూ కోరలూ దిద్ది వేలాడదీసే ఆచారం చూస్తూ పెరిగిన మా బావమరిదికి వెంటనే తట్టింది కూడా ఇదే. రెండు ఆచారాల మధ్య చుట్టరికం ఉందని నేననడం లేదు. పోలిక కనిపించినంత మాత్రాన ఒకదాన్నించి ఇంకొకటి పుట్టిందనేవాళ్ళంటే నాకు భయం. కుండకు ముఖం పెట్టినంత మాత్రాన అది ఫలానా మనిషి బొమ్మ కానవసరం లేదన్న చిన్న సంగతి మాత్రం మనవాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు.

ఇక దహనం సంగతి. రోమన్లు ఊరి హద్దుల లోపల శవాన్ని పూడ్చనిచ్చేవారు కాదు, కాల్చనిచ్చేవారు కాదు. రోములో సామాన్య శకానికి ముందు 5వ శతాబ్దం నాటి పన్నెండు ఫలకాల చట్టంలోనే ఈ నిషేధం ఉంది. ప్రావిన్సుల్లో కూడా ఇదే పద్ధతి అనడానికి స్పెయిన్‌లోని ఉర్సో అనే కాలనీకి ఇచ్చిన శాసనం చక్కటి సాక్ష్యం. కంచు రేకుల మీద చెక్కిన ఆ శాసనం ఊరి హద్దు లోపల దహనం చేసినవారికీ, పూడ్చినవారికీ 5,000 సెస్టర్సుల (రోమన్ నాణేల) జరిమానా వేస్తుంది. కొత్తగా దహనవాటిక కట్టాలంటే పట్టణానికి కనీసం 500 జంట అంగల (సుమారు 740 మీటర్ల) దూరంలో ఉండాలంటుంది. అందుకే రోమన్ పట్టణానికి వెళ్ళే ప్రతి దారికీ ఇరువైపులా సమాధులే ఉండేవి. ఊళ్ళోకి వచ్చేవాళ్ళు ముందు పోయినవాళ్ళను దాటుకుని రావాలి.

చితి ఆరిన తరువాత ఎముకలు ఏరడం ఉంటుంది. మన అస్థిసంచయనం వంటిదే. పెద్దవాళ్ళ శరీరం పూర్తిగా కాలితే సుమారు 1 కిలో నుంచి 2.4 కిలోల దాకా ఎముకలు మిగులుతాయి. బ్రిటన్‌లోని రోమన్ కాలపు కుండలను విప్పి తూచినప్పుడు చాలా వాటిలో ఇందులో సగం కూడా ఉండదు. అంటే వాళ్ళు అన్నీ ఏరలేదు, ఏరాలని అనుకోలేదు. కొంత తీసుకున్నారు, కొంత చితి బూడిదలోనే వదిలేశారు. ఏరుకున్నవాటిని పెట్టడానికి ఎక్కువమంది వాడిన పాత్ర ఏమిటంటే, నిత్యం వంటకు వాడే నల్లటి, బూడిద రంగు మట్టికుండలు. కొన్నింటి అడుగున మసి కూడా పోలేదు. కొన్ని ఆవంలో వంకర పోయినవి, పగులు వచ్చినవి. అవి చవగ్గా వచ్చాయని అనుకోవచ్చు. డబ్బున్నవాళ్ళు గాజు పాత్రలు, సీసపు డబ్బాలు వాడారు. ఇంకొందరు స్పెయిన్ దక్షిణాది నుంచి ఆలివ్ నూనె వచ్చిన గుండ్రటి బానలను వాడారు. ఖాళీ బానే 30 కిలోల దాకా తూగుతుంది, సుమారు 70 లీటర్ల నూనె పడుతుంది. దాని మెడ కోసి, ఎముకల కుండనూ తోడుగా పెట్టే చిన్న పాత్రలనూ లోపల అమర్చి, మెడను మళ్ళీ పైన పెట్టి పూడ్చేవారు. రోములో ఇలాంటి బానల పెంకులతోనే ఒక కొండ లేచింది. నూనె అయిపోయాక బాన ఎందుకూ పనికిరాని చెత్త. చావు వచ్చిన ఇంట్లో మాత్రం అది చిన్నపాటి సమాధి గది.

ఇదంతా దృష్టిలో పెట్టుకుని ఇప్పుడు ఇంగ్లండ్ పట్టణమైన కోల్చెస్టర్ బొమ్మల కుండ దగ్గరికి వద్దాం. నా వాదానికి ఇంతకంటే మంచి సాక్షి లేదు. కోల్చెస్టర్ అప్పటి పేరు కాములోడూనమ్. సామాన్య శకం 49లో రిటైరైన సైనికులను అక్కడ స్థిరపరచి, బ్రిటన్‌లో మొదటి రోమన్ కాలనీగా దాన్ని ఏర్పాటు చేశారు. 1853లో ఆ పట్టణపు పశ్చిమ అంచున ఒక సమాధిలో 23 సెంటీమీటర్ల ఎత్తున్న కుండ దొరికింది, లోపల కాలిన ఎముకలున్నాయి. సామాన్య శకం 160–200 మధ్యది. దాని చుట్టూ బొమ్మలున్నాయి: కుందేలును, జింకలను తరుముతున్న వేటకుక్క, ఎలుగుబంటిని అదిలిస్తున్న ఇద్దరు మనుషులు, ఇద్దరు గ్లాడియేటర్లు. పల్చటి మట్టిని గొట్టంలోంచి పిండుతూ, మనవాళ్ళు కోనుతో గోరింటాకు పెట్టినట్లు, ఆ బొమ్మలను గీశారు. తడి మట్టి మీద చేయి ఆగకుండా సాగాలి, తప్పు జరిగితే దిద్దుకోవడం కష్టం. జింక కాళ్ళు చూస్తే ఆ చేతికి ఎంత అలవాటో తెలుస్తుంది.

గ్లాడియేటర్లలో ఒకడు కత్తీ డాలూ ఉన్నవాడు, రెండోవాడు వలా త్రిశూలమూ పట్టి దిగేవాడు. రెండోవాడి చేతిలో ఇప్పుడు ఏమీ లేదు. ఓడిపోయానని ఒప్పుకుంటూ వేలు పైకెత్తాడు. బొమ్మల పైన పేర్లు కూడా ఉన్నాయి. ఎలుగుబంటి దగ్గరున్నవాళ్ళు సెకుందుస్, మారియో. గెలిచినవాడు మెమ్నాన్, 9 విజయాలవాడు. ఓడినవాడు వాలెంటినుస్, రోమన్ సైన్యంలోని 30వ లీజియన్‌వాడు. ఆ లీజియన్ స్థావరం బ్రిటన్‌లో లేదు, రైన్ ఒడ్డున క్సాంటెన్‌లో ఉండేది. కాబట్టి చాలాకాలం పండితులు ఇలా అనుకున్నారు: కుండను బొమ్మలతో మామూలుగా తయారు చేసి అమ్మారు, ఎవరో కొనుక్కున్న తరువాత దాని మీద పేర్లు గీకారు. అంటే బొమ్మలు అచ్చు సరుకు, పేర్లు తరువాతి ముచ్చట.

2023లో కోల్చెస్టర్ మ్యూజియంవారూ, విశ్వవిద్యాలయాల పరిశోధకులూ కలిసి చేసిన పరిశీలన ఫలితాలు వెల్లడయ్యాయి, ఈ కథ తలకిందులైంది. పేర్లు చెక్కింది కుండ కాలక ముందే, మట్టి పచ్చిగా ఉన్నప్పుడే. కుండ మట్టి కోల్చెస్టర్ మట్టే. అంటే ఒకరు ముందుగా చెప్పి, ఈ బొమ్మలు కావాలి, ఈ పేర్లు కావాలి అని చేయించుకున్న కుండ ఇది. తాము కళ్ళారా చూసిన పోటీకి గుర్తుగా చేయించుకుని ఉండాలి; అలాంటప్పుడు ఆ పోటీ ఆ ఊళ్ళోనే జరిగి ఉండాలి. లోపలి ఎముకలు 40 ఏళ్ళు దాటిన మగవాడివని, అతను కోల్చెస్టర్ చుట్టుపక్కల పుట్టి పెరిగినవాడు కాదని కూడా తేలింది. ఎముక బాగా కాలితే డీఎన్ఏ పోతుంది. అయితే చిన్నప్పుడు తాగిన నీళ్ళ ద్వారా, తిన్న తిండి ద్వారా ఎముకలో చేరిన స్ట్రాన్షియం అనే మూలకపు ఆనవాలు నిలిచే ఉంటుంది. చితి మంట మిగతావి చెరిపేసినా దాన్ని మాత్రం చెరపలేకపోయింది.

ఇప్పుడు చెప్పండి, ఈ కుండను అస్థికల కుండ అని పిలవడం ఎంతవరకు న్యాయం? దాన్ని చేయించినవాడు చావును తలచుకుని చేయించలేదు. పోటీలో ఎవరు గెలిచారో, ఎవరు వేలెత్తారో గుర్తుంచుకోవడానికి చేయించాడు. బహుశా అరుగు మీద పెట్టుకున్నాడు, వచ్చినవాళ్ళకు తిప్పి చూపించాడు. పాత్ర నిండా ఏ ద్రాక్షసారాయో పోసుకుని తాగి కూడా ఉంటాడు. తరువాత ఏదో ఒక రోజు, అతనికి గానీ, అతని దగ్గరి నుంచి ఆ కుండను అందుకున్నవాడికి గానీ చావు వచ్చింది. ఇంట్లోవాళ్ళు చుట్టూ చూశారు. ఇంటి నిండా కుండలున్నా ఇది పట్టుకున్నారు. నాకు ఈ కుండలో విలువైన ఘడియ ఆ ఎంపిక జరిగిన ఘడియ. పేరు ముందే 'అస్థికల కుండ' అని పెట్టేసుకుంటే ఆ ఘడియ కనిపించదు; వాళ్ళు ఎంచుకోవడానికి ఇక ఏమీ మిగలదు కదా.

ఇక్కడ నాకు ఎదురు చెప్పేవాళ్ళుంటారని తెలుసు. వాళ్ళ మాటలో బలం ఉంది. కోల్చెస్టర్‌లోనే ముఖం కుండలు అస్థికలతో గణనీయంగా దొరికాయి. మిగతాచోట్ల చెత్త గుంటల్లో పడి ఉన్నవే ఇక్కడ శ్మశానంలో కనిపిస్తుంటే, ఆ ఊరివాళ్ళకైనా అవి చావుకు సంబంధించిన కుండలే అనుకోవాలి కదా అని అడగవచ్చు. వాడిన జాడే లేని, ఆవం నుంచి నేరుగా శ్మశానానికి వచ్చినట్లుండే కుండలు కూడా ఉన్నాయి. ఆవంలో చెడిపోయినవాటిని ఎలాగూ ఎవరూ వంటకు కొనరు. వాటిని ఎముకల కోసమే కొన్నారనడంలో తప్పులేదు.

ఈ రెండో మాటను నేను ఒప్పుకుంటాను. వంకర కుండ కొనుక్కుని పని గడుపుకున్న పేదవాళ్ళు ఉండే ఉంటారు, వాళ్ళ కుండకు ముందు జీవితం లేదు. మొదటి మాట మాత్రం నా వాదాన్ని పడగొట్టదని నా అభిప్రాయం. కోల్చెస్టర్ మాజీ సైనికుల ఊరు. రైన్ ఒడ్డున, శిబిరాల్లో, ఆ ముఖం చూస్తూ బతికినవాళ్ళూ, వాళ్ళ పిల్లలూ ఉన్న ఊరు. బతికినన్నాళ్ళు ఇంటిని కాచిన ముఖాన్ని పోయాక కూడా కాపలా పెట్టడం వాళ్ళకు సహజంగా తోచి ఉంటుంది. శ్మశానంలో ఆ కుండకు ఉన్న అర్థం శ్మశానంలో పుట్టలేదు, ఇంటి నుంచి వెంట వచ్చింది. ఎదుటివాళ్ళు చెప్పేదీ నేను చెప్పేదీ ఒకే కుండ గురించే, కానీ నేను కథను మొదటి నుంచి చెప్పమంటున్నాను, వాళ్ళు చివరి అధ్యాయంతో మొదలుపెడుతున్నారు.

మా తాతగారి అస్థికలను గోదావరికి తీసుకెళ్ళినప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. కొత్త ముంత, దాని మీద తెల్ల గుడ్డ కట్టి, నాన్న ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. దహనం రోజున చితి చుట్టూ తిరుగుతూ భుజాన మోసిన కుండ కూడా కొత్తదే. దానికి చిల్లు పెట్టారు, మూడో చుట్టు అయ్యాక వెనక్కి పడేసి పగలగొట్టారు. మన పద్ధతిలో చావు కుండ ఇంటి కుండ కాకూడదు. బతికున్నవాళ్ళ వంటింటికి దానికీ సంబంధం ఉండకూడదు, పని అయ్యాక అది మిగలకూడదు. ముంత కూడా నదిలోకే వెళ్ళింది. బహుశా అందుకే నాకూ, మ్యూజియంలో నా పక్కన నిలబడిన చాలామందికీ, చావు కుండ వేరే జాతి కుండ అని అంత సులువుగా తోచింది. రోమన్ ప్రావిన్సులవాళ్ళకు ఈ ఎడం అంత కచ్చితంగా లేదు. నిన్న గంజి ఉడికిన కుండలో ఇవాళ అన్నగారి ఎముకలు పెట్టడం వాళ్ళకు అపచారం అనిపించలేదు.

అపచారం సంగతి అటుంచి, వాళ్ళు ఆ కుండతో మాటలు కూడా సాగించారు. వేల్స్‌లోని కేర్లియన్‌లో ఒక సమాధి దొరికింది: సీసపు డబ్బాలో కాలిన ఎముకలు, డబ్బా మూతలోంచి నేల పైదాకా సీసపు గొట్టం. బంధువులు వచ్చి ఆ గొట్టంలో ద్రాక్షసారాయో, పాలో పోసేవారు. ఏటా ఫిబ్రవరి 13 నుంచి 21 దాకా పోయినవారి కోసం పండుగ ఉండేది. ఆ రోజుల్లో ఏమి పెట్టాలో కవి ఓవిడ్ చెప్పాడు: పోయినవాళ్ళు పెద్ద కోరికలు కోరరు, కాసిని గింజలు, చిటికెడు ఉప్పు, సారాయిలో నానిన రొట్టె, విడి పూలు, ఇవన్నీ దారి మధ్యలో వదిలేసిన ఒక పెంకులో పెడితే చాలునట. దారిలో పడి ఉన్న ఆ కుండపెంకు నన్ను వెంటాడుతూనే ఉంది. పిండం పెట్టడానికి విస్తరాకు వెతుక్కునే మనిషికి, పగిలిన పెంకు చాలునన్న ఆ మాట ఎంత పేదదో, అంత దగ్గరిది.

2వ శతాబ్దం నుంచి 3వ శతాబ్దానికి వచ్చేసరికి సామ్రాజ్యమంతటా దహనం తగ్గి, శరీరాన్ని పూడ్చడం పెరిగింది. ఎముకల కుండలు సన్నగిల్లాయి. ముఖం కుండలు మాత్రం ఆగలేదు. ఇంగ్లండ్‌లో కుమ్మరులు 4వ శతాబ్దంలో కూడా పాత్రల మీద, కూజాల మెడల మీద ముఖాలు పెడుతూనే ఉన్నారు. చావుకు అవసరం తీరిపోయాక కూడా ముఖానికి అవసరం తీరలేదంటే, దాన్ని చావు కోసం కనిపెట్టారనడం ఎలా కుదురుతుంది?

పోయినవాడి ముఖమే కావాలనుకున్నవాళ్ళు ఏం చేశారో చూడాలంటే కూడా కోల్చెస్టరే వెళ్ళాలి. సెంచూరియన్ (రోమన్ సైనికాధికారి) మార్కుస్ ఫావోనియుస్ ఫాకిలిస్ రాతి బొమ్మ 1868లో దొరికింది. బానిసత్వం నుంచి విడుదలైన వెరెకుండుస్, నోవికియుస్ దాన్ని నిలబెట్టారు. కవచం, కత్తి పిడి, చేతిలోని కర్ర, అన్నీ ఉన్నాయి, పేరూ ఉంది. త్రేసు దేశపు గుర్రపు దళంలో పనిచేసి 40 ఏళ్ళకే పోయిన లోంగినుస్ రాయి 1928లో బయటపడింది, అయితే ముఖం విరిగిపోయి ఉంది. ఆ ముఖం ముక్క 1996లో దొరికి, మిగతా రాతితో కలిసింది. ఇవి వాళ్ళవాళ్ళ ముఖాలని అనుకుని చేసిన రాళ్ళు, పేర్లతో సహా. బొమ్మల కుండ మీద మాత్రం నలుగురి పేర్లున్నాయి, లోపలున్నవాడి పేరు లేదు. ఆ నలుగురిలో ఒకడే లోపల ఉన్నాడేమోనని కథలల్లడం సులువు. దానికి ఏ ఆధారమూ లేదు.

ఆ మ్యూజియం చీటీని నన్ను రాయమంటే ఎక్కువేమీ మార్చను. 'ముఖమున్న కుండ, ఈ ఊరి మట్టితో చేసినది, తరువాత ఇందులో అస్థికలు పెట్టారు' అని రాస్తాను. జాగా చాలదంటే ఊరి మట్టి సంగతి కొట్టేయమంటాను గానీ, 'తరువాత' అన్న మాటను కొట్టేయనివ్వను. మా బావమరిదికి ఇదంతా మొన్న ఫోనులో చెప్పాను. "అయితే నేనన్నదే కదా బావా" అన్నాడు.